జపాన్ బడులు చూసొచ్చిన మన డైరెక్టర్ సార్

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్‌లో సీనియర్ అక్క దిద్దింది. మిగిలిన తప్పులన్నీ నావే.

ఈ సంచికకు ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమన్నారు. అందరూ కలాం గారినీ, రామానుజన్‌నూ ముందే పట్టేసుకున్నారు. నాకేం దొరకలేదు. ఆ టైంలో మా హాస్టల్ రూంలో రాత్రిళ్ళు ఒకటే పని, జపాన్ స్కూళ్ళ వీడియోలు చూడటం. అక్కడి పిల్లలు చెప్పులు మార్చుకుని క్లాస్‌లోకి పోతారు. మధ్యాహ్నం వాళ్ళకు వాళ్ళే వడ్డించుకుంటారు. వాళ్ళ క్లాస్‌రూం వాళ్ళే తుడుచుకుంటారు. అనిమేలో అయితే ప్రతి కథా బడిలోనే నడుస్తుంది. మా రూమ్మేట్లకు జపాన్ స్కూల్ టైంటేబుల్ మన కాలేజీ టైంటేబుల్ కంటే బాగా తెలుసు. ఎందుకో మనందరికీ ఆ బడుల మీద అంత మోజు.

ఈ మోజు ఎప్పటిదా అని వెతుకుతుంటే ఒక పుస్తకం పేరు కనబడింది. 1923లో హైదరాబాద్‌లో అచ్చయింది. జపాన్ గురించీ, అక్కడి విద్యావిధానం గురించీ నిజాం ప్రభుత్వం కోసం రాసిన రిపోర్ట్. అంటే వందేళ్ళ కిందటే మన హైదరాబాద్ నుంచి ఒకాయన సర్కారు పని మీద ఓడెక్కి పోయి జపాన్ బడులు చూసొచ్చాడన్నమాట. రాసినాయన పేరు సయ్యద్ రాస్ మసూద్. మా గజ్వేల్ కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే. అంటే మా ఊరి పిల్లల చదువు కూడా ఆయన చేతి కిందిదే. అందుకే ఆయన గురించి రాస్తున్నా.

మసూద్ గారు 1889లో పుట్టారు. అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు ఆయన మనవడు. తండ్రి సయ్యద్ మహమూద్ అలహాబాద్ హైకోర్టు జడ్జి. తాత ఇంట్లో మనవడంటే ప్రాణం. ఆయన అక్షరాభ్యాసం గురించి ఒక ముచ్చట చెప్తారు. బిస్మిల్లా చెప్పించే రోజున పిల్లాణ్ణి సర్ సయ్యద్ స్నేహితుడు రాజా జైకిషన్ దాస్ తన ఒడిలో కూర్చోబెట్టుకున్నారట. ముస్లిం పిల్లాడి మొదటి అక్షరం హిందూ పెద్దమనిషి ఒడిలో జరగాలని ఆ తాత కోరిక.

కానీ ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. 1898లో తాత పోయారు, అప్పుడు మసూద్‌కు తొమ్మిదేళ్ళు. 1903లో తండ్రి కూడా పోయారు, అప్పటికి పద్నాలుగు. అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపల్‌గా ఉన్న థియొడోర్ మోరిసన్ అనే ఇంగ్లిష్ ఆయన ఆ పిల్లాడికి గార్డియన్ అయ్యి, ఇంగ్లండ్‌లో చదువుకునే ఏర్పాటు చేశారు.

ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే అప్పట్లో లాటిన్ రావాలి. లాటిన్ చెప్పడానికి 1906లో ఒక కుర్ర ట్యూటర్‌ను పెట్టారు. ఆ ట్యూటర్ పేరు ఇ.ఎం. ఫార్‌స్టర్. తర్వాతి కాలంలో పెద్ద నవలా రచయిత అయిన ఫార్‌స్టరే. పదిహేడేళ్ళ మసూద్‌కు లాటిన్ మీద పెద్ద ఇష్టం లేదు. పాఠం కంటే కబుర్లే ఎక్కువ నడిచాయి. ఫార్‌స్టర్‌కు మసూద్ మీద ఉన్నది ఉత్త స్నేహం కాదు, ప్రేమే. మసూద్ అటువైపు నుంచి స్నేహమే ఇవ్వగలిగారు, అది మాత్రం చచ్చేదాకా ఇచ్చారు. ఫార్‌స్టర్ మొదటిసారి మన దేశం వచ్చింది 1912లో, మసూద్ కోసమే. 1924లో వచ్చిన ఎ ప్యాసేజ్ టు ఇండియా నవలను మసూద్‌కే అంకితమిచ్చారు. మా ఇంగ్లిష్ లిటరేచర్ పిల్లలు ఆ నవల చదువుతారు గానీ, ఆ అంకితం పేజీలో ఉన్నాయన మన హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాడని ఎంతమందికి తెలుసో.

ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీలో డిగ్రీ అయ్యాక బారిస్టర్ కూడా పూర్తి చేసి 1912లో ఇండియా వచ్చేశారు. పాట్నాలో కొన్నాళ్ళు వకీలుగా ఉన్నారు. నల్లకోటు ఆయనకు కుదరలేదు. విద్యాశాఖలోకి మారి పాట్నాలో హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా, కటక్‌లో రావెన్‌షా కాలేజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1916లో హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది. నిజాం రాజ్యంలో విద్యాశాఖకు డైరెక్టర్. అప్పటికి ఆయన వయసు 27. మన సీనియర్లలో ఆ వయసుకు ఇంకా బ్యాక్‌లాగ్‌లు రాస్తున్నవాళ్ళున్నారు.

ఆయన వచ్చిన టైం మామూలు టైం కాదు. దేశంలో యూనివర్సిటీలన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్తున్నాయి. హైదరాబాద్‌లోనూ 1887 నుంచి ఉన్న నిజాం కాలేజీ మద్రాస్ యూనివర్సిటీ కింద ఇంగ్లిష్‌లోనే నడుస్తోంది. అలాంటప్పుడు ఒక కొత్త యూనివర్సిటీ పెడదాం, అన్ని సబ్జెక్టులూ ఉర్దూలోనే చెబుదాం, ఇంగ్లిష్‌ను ఒక భాషగా మాత్రం తప్పనిసరిగా నేర్పుదాం అనే ఆలోచన వచ్చింది. అక్బర్ హైదరీ రాసిన ప్రతిపాదన మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్‌లో సరే అన్నారు. అదే మన ఉస్మానియా. 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్ళల్లో క్లాసులు మొదలయ్యాయి. విద్యాశాఖ డైరెక్టర్‌గా మసూద్ గారు ఈ పనిలో ముందు వరసలో ఉన్నారు.

పాఠం చెబుదామంటే ఉర్దూలో పుస్తకాలేవి? కెమిస్ట్రీకి, ఫిజిక్స్‌కి, ఎకనామిక్స్‌కి మాటలేవి? దాని కోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖనే పెట్టారు. పండితులు కూర్చుని ఒక్కో ఇంగ్లిష్ మాటకూ ఉర్దూ మాట తయారు చేశారు. మాట లేకపోతే అరబ్బీ, ఫార్సీ వేళ్ళ నుంచి కట్టారు. తర్వాత తర్వాత అక్కడ డాక్టరీ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇంజనీరింగ్ కాలేజీ 1929లో వచ్చింది, అదీ ఉర్దూలోనే. ఇది చదివినప్పుడు నేను రెండు నిమిషాలు అలాగే ఉండిపోయా. దేశభాషలో బీటెక్ అనేది మనకు కొత్త ఐడియా అనుకుంటాం కదా, మన హైదరాబాద్‌లో తొంభై ఏళ్ళ కిందటే నడిచింది.

అయితే అప్పుడు చాలామంది నవ్వారు. దేశభాషలో యూనివర్సిటీ చదువు ఎక్కడైనా అయ్యే పనేనా అన్నారు. ఆసియాలో ఎక్కడైనా అయిందా అని అడిగితే చూపించడానికి ఒక్కటే దేశం ఉంది, జపాన్. అక్కడ పోయి కళ్ళారా చూసి, ఎట్లా చేశారో రాసుకుని రమ్మని నిజాం ప్రభుత్వం 1922లో మసూద్ గారిని పంపింది.

ఆయన చూసిన జపాన్ ఎలాంటిదో కొంచెం చెప్పాలి. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన మొదలైనప్పుడు ఆ దేశం కూడా భయంలోనే ఉంది. ఫిరంగులున్న తెల్లవాళ్ళ ఓడలు గుమ్మం ముందున్నాయి. 1872లోనే దేశమంతా బడులు పెట్టాలని చట్టం తెచ్చారు. ఊళ్ళవాళ్ళకు అది మొదట్లో నచ్చలేదు. బడి ఖర్చు తమ మీద పడుతోందని, పొలం పనికి పిల్లలు లేరని కొన్ని చోట్ల బడులు తగలబెట్టారు కూడా. అయినా సర్కారు వదల్లేదు. 1907లో తప్పనిసరి చదువును ఆరేళ్ళకు పెంచారు. మసూద్ గారు వెళ్ళేనాటికి నూటికి తొంభై మందికి పైగా పిల్లలు, ఆడపిల్లలతో సహా, బడిలో పేరున్నవాళ్ళే.

భాష సంగతి ఇంకా ఇంటరెస్టింగ్. మొదట్లో వాళ్ళూ మనలాగే చేశారు. టోక్యోలో పెద్ద చదువులకు విదేశీ ప్రొఫెసర్లను తెచ్చి ఇంగ్లిష్‌లో, జర్మన్‌లో చెప్పించారు. మోరి అరినోరి అనే ఆయన అయితే జపాన్‌కు ఇంగ్లిష్‌నే దేశభాష చేసేద్దామని 1870లలో ఒక ఆలోచన పెట్టాడు. ఆ పని వద్దని అతనికి చెప్పింది ఎవరో కాదు, యేల్ యూనివర్సిటీలో పనిచేసే అమెరికన్ భాషా పండితుడు విట్నీ. పరాయి భాషలో చదువంటే తీరిక, డబ్బు ఉన్న కొద్దిమందికే చదువు అందుతుందని ఆయన భయం. అదే మోరి 1885లో జపాన్ మొదటి విద్యామంత్రి అయ్యాడు. జపాన్ తన పిల్లల్ని విదేశాలకు పంపి చదివించి, వాళ్ళు తిరిగొచ్చాక విదేశీ ప్రొఫెసర్ల కుర్చీల్లో వాళ్ళనే కూర్చోబెట్టింది. ఫిలాసఫీకి, సైన్స్‌కి, సొసైటీకి కొత్త జపనీస్ మాటలు తయారయ్యాయి. ఒక్క తరంలో యూనివర్సిటీ పాఠం సొంత భాషలోకి వచ్చేసింది.

మసూద్ గారు తన రిపోర్ట్‌లో బడుల కంటే ముందు ఆ దేశం చరిత్ర చెప్తారు. బడి ఒక్కటే విడిగా అర్థం కాదని ఆయన పద్ధతి. తర్వాత విద్యావిధానం. ఆయనకు నచ్చింది ముఖ్యంగా రెండు. పశ్చిమం నుంచి సైన్స్ తీసుకుని, అది తమ భాషలోనే తమ జనానికి పంచుకోవడం ఒకటి. దేశం మీద వాళ్ళకున్న భక్తి రెండోది. ఉస్మానియా దారి సరైనదే, జపాన్ చేసి చూపించింది అన్నది ఆయన తెచ్చిన జవాబు. ఆ రిపోర్ట్ తర్వాత ఉర్దూలోకి కూడా వచ్చింది. సొంత భాషలోనే చదువు కావాలనే పుస్తకం మొదట ఇంగ్లిష్‌లో రావడం చూసి నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను కూడా ఆయన గురించి తెలుసుకున్నది మొత్తం ఇంగ్లిష్‌లోనే కదా.

ఇక్కడిదాకా ఆయన కథ నాకు మస్తు నచ్చింది. ఆ తర్వాతే ఒక ప్రశ్న గొంతులో పడ్డది.

నిజాం రాజ్యంలో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు పదిమందిలో ఒకరు. తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు సగం. మిగతావాళ్ళలో ఎక్కువమంది మరాఠీ, కన్నడ వాళ్ళు. కింది తరగతుల్లో తెలుగు ఉన్నా, పైకి పోవాలంటే ఉర్దూనే. ఉస్మానియాలో తెలుగును ఒక సబ్జెక్టుగా చెప్పారు, రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడే తెలుగు చెప్పారు. కానీ ఫిజిక్స్ తెలుగులో చెప్పాలన్న మాటే లేదు. జపాన్‌లో జనం భాష, చదువు భాష ఒకటే. ఆ పాఠం హైదరాబాద్‌కు వచ్చేసరికి సర్కారు భాష, చదువు భాష ఒకటే అన్నట్టుగా మారిపోయింది. మసూద్ గారికి ఉర్దూ సొంత భాషే, ఆయన దృష్టిలో ఆ లెక్క సరిపోయింది. మా గజ్వేల్ పిల్లల లెక్కలో మాత్రం సరిపోలేదు.

ఈ మాట నేను ఈరోజు కూర్చుని తేలిగ్గా అనడం లేదు. అప్పుడే అన్నవాళ్ళున్నారు. మసూద్ గారు జపాన్ వెళ్ళడానికి కొన్ని నెలల ముందు, 1921 నవంబర్‌లో, హైదరాబాద్‌లో సంఘ సంస్కార సభ ఒకటి జరిగింది. అధ్యక్షుడు పూణె నుంచి వచ్చిన కార్వే గారు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ఉపన్యాసాలు బాగానే విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల, ఎగతాళి. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అక్కడ మొదలైందే తర్వాత 1930లో జోగిపేటలో, అంటే మా పాత మెదక్ జిల్లాలోనే, ఆంధ్ర మహాసభ అయ్యింది.

ఇందులో నాకు ఆశ్చర్యమేసిన సంగతి ఇంకోటుంది. ఆ సభకు అధ్యక్షుడైన కార్వే గారు 1916లో ఆడవాళ్ళ కోసం ఒక యూనివర్సిటీ పెట్టారు. ఆయనకు ఆ ఆలోచన టోక్యోలోని జపాన్ మహిళా విశ్వవిద్యాలయం గురించిన ఒక చిన్న పుస్తకం చదివాక వచ్చింది. అక్కడ కూడా చదువు దేశభాషలోనే. అంటే జపాన్ బడి నుంచి మన దాకా రెండు దారులు వచ్చాయి. ఒకటి మసూద్ గారి ఓడ, సర్కారు దారి. రెండోది కార్వే గారి పోస్టులో వచ్చిన చిన్న పుస్తకం.

1928లో మాడపాటి హనుమంతరావు గారు, ఆయన స్నేహితులు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు హైస్కూల్ మొదలుపెట్టారు. తెలుగు మీడియం కాబట్టి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. అప్పుడు వాళ్ళు పూణెలోని కార్వే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుని, ఆ పరీక్షలు రాయించారు. సొంత భాషలో చదువు కోసమే పుట్టిన యూనివర్సిటీ తన ఊళ్ళో పిల్లలకు వాళ్ళ భాషలో పరీక్ష పెట్టలేకపోయింది. పక్క రాష్ట్రం నుంచి వచ్చింది ఆ పరీక్ష. జపాన్ పాఠం తెలుగు పిల్లలకు తెలుగులో అందింది ఆ రెండో దారిలోనే.

ఇగ మా ఇంటి సంగతి. ఈ వ్యాసం రాస్తున్నానని దసరా సెలవుల్లో నాయనమ్మకు చెప్తే, ఆమె లేచిపోయి పాత సందుగ తీసింది. అందులో ఒక బట్టలో చుట్టిన కాగితాలు. కొన్ని భూమి కాగితాలు, అన్నీ ఉర్దూలో. మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఇట్లాంటివి ఉంటాయి. సేత్వార్ నకలు చదివించుకోవాలంటే ఉర్దూ వచ్చినవాళ్ళను వెతుక్కుంటూ పోతారు. వాటి కింద ఒక చిన్న కాగితం, దాని మీద సర్కారు ముద్ర. మా ముత్తాతదట. అదేందో ఇంట్లో ఎవరికీ తెల్వదు. మా తాతా చదవలేదు, ఆయన తెలుగు మీడియం. మా నాన్న కూడా తెలుగు మీడియమే. నేను ఇంగ్లిష్. ఫోటో తీసి మా క్లాస్‌మేట్‌కు పంపితే, వాడు వాళ్ళ అమ్మకు చూపించి రాత్రికి చెప్పాడు. మా ముత్తాత ఏడో తరగతి పాసైన సర్టిఫికెట్ అది.

నాయనమ్మ చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. మామ ఉర్దూల పద్యాలు చదివేటోడని, ఎవరికీ అర్థం కాకపోయినా చదివేటోడని చెప్పింది. తెలుగు అక్షరాలు మాత్రం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నడట, పత్రిక కోసం. అంటే ఆయనకు చదువు మసూద్ గారి శాఖ ఇచ్చిందే. ఆ చదువే లేకపోతే మా ఇంట్లో ఎవరూ బడి మొహం చూసేవాళ్ళు కాదేమో. కాబట్టి నేను మసూద్ గారిని తిట్టలేను. కానీ ఒకే ఇంట్లో మూడు భాషల సర్టిఫికెట్లు ఉండి, ఒకరి కాగితం ఇంకొకరు చదవలేకపోవడం మాత్రం మామూలు సంగతి అనిపించలేదు.

మసూద్ గారి మిగతా జీవితం కూడా చెప్పాలి. 1928లో హైదరాబాద్ వదిలారు. మరుసటి ఏడాది తాత పెట్టిన అలీగఢ్‌కు వైస్ చాన్సలర్ అయ్యారు. అక్కడ సైన్స్ చదువు గట్టిపరచాలని మంచి టీచర్ల కోసం యూరప్ దాకా వెతికారు. మ్యాథ్స్ వాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటి. పారిస్‌లో ఆంద్రే వేయ్ అనే కుర్రాణ్ణి కలిశారు. అతనికి ఫ్రెంచ్ నాగరికత పాఠాలు చెప్పే పోస్ట్ ఇద్దామనుకున్నారు. అది కుదరక, మ్యాథ్స్ పోస్ట్ ఖాళీ ఉంది, వస్తావా అని టెలిగ్రాం కొట్టారు. అతను వచ్చేశాడు. 1930లో, ఇరవైనాలుగేళ్ళు కూడా నిండకుండానే, అలీగఢ్‌లో ప్రొఫెసర్. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణిత శాస్త్రవేత్తల్లో ఒకడయ్యాడు తర్వాత. రెండేళ్ళకే గొడవలై ఉద్యోగం పోయింది, అది వేరే కథ. కానీ ఆ టాలెంట్‌ను ముందే పట్టుకున్న కన్ను మసూద్ గారిదే.

1933లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది అఫ్గాన్ రాజు నాదిర్ షా తన దేశంలో చదువుల గురించి సలహా చెప్పమని పిలిస్తే, కవి ఇక్బాల్, సులైమాన్ నద్వీలతో కలిసి కాబూల్ వెళ్ళారు. మళ్ళీ బడుల పనే. 1934లో యూనివర్సిటీలో తగాదాలు ముదిరి అలీగఢ్ పదవికి రాజీనామా చేశారు. తర్వాత భోపాల్ సంస్థానంలో విద్యామంత్రి. జబ్బు పడ్డ ఇక్బాల్ వైద్యం కోసం భోపాల్ వస్తే తన ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నారు. కానీ ముందు పోయింది మసూద్ గారే. 1937 జూలై 30న, 48 ఏళ్ళకు. అలీగఢ్‌లో తాత, తండ్రి సమాధుల దగ్గరే ఆయన సమాధి. ఇక్బాల్ ఆయన మీద ఒక స్మృతిగీతం రాసి మరుసటి ఏడాది తనూ వెళ్ళిపోయారు. మనం సెల్ఫీలు దిగే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో పూర్తయింది. ఆయన దాన్ని చూడలేదు.

ఆయన పోయిన ఆ జూలైలోనే జపాన్ చైనా మీద పెద్ద యుద్ధం మొదలుపెట్టింది. ఆయన మెచ్చుకున్న ఆ బడుల్లోనే పండగ రోజుల్లో చక్రవర్తి ఫోటో ముందు పిల్లల్ని వంగి నిలబెట్టేవాళ్ళు, రాజాజ్ఞ చదివి వినిపించేవాళ్ళు. అదే భక్తి సైన్యానికి పనికొచ్చింది. బయటివాళ్ళం ఇంకో దేశం బడి చూసేటప్పుడు మనకు కావలసిందే చూస్తామేమో. ఆయన భాషను, భక్తిని చూశారు. మేం మా రూంలో శుభ్రతను, చెర్రీ పూలను చూస్తున్నాం. చూడటం తప్పు కాదు. చూసొచ్చాక ఇంట్లో ఎవర్ని మర్చిపోయామో లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క నాది కూడా ఒకటుంది, చెప్పి ముగిస్తా.

ఫస్ట్ ఇయర్‌లో నా పక్కన ఒకడు కూర్చునేవాడు. ఊళ్ళో సర్కారు బడి, తెలుగు మీడియం. రికర్షన్ నాకు ఎన్ని వీడియోలు చూసినా ఎక్కలేదు. వాడు మెస్‌లో పళ్ళెం పక్కన పెట్టి చెప్పాడు. మా ఊళ్ళో పెండ్లి బంతిలో చివరి మనిషి దాకా అన్నం అందిందా అని అడిగితే, ప్రతి ఒక్కడూ పక్కవాణ్ణే అడుగుతాడు కదా, ఆఖరివాడు అందింది అంటే ఆ మాట వెనక్కి నడుచుకుంటూ వస్తది, అంతే అన్నాడు. నాకు టక్కున వెలిగింది. మరుసటి వారం వైవాలో నన్ను అదే అడిగారు. వాడు చెప్పిందే ఇంగ్లిష్‌లో చెప్పా, ఫుల్ మార్కులు. తర్వాత వాడి వంతు. వాడు నోరు తెరిచి, ఒక్క మాట దగ్గర ఆగిపోయి, తల దించుకున్నాడు. ఆ ఐడియా వాడిదే అని నేను లేచి చెప్పలేదు. సెమిస్టర్ అయ్యాక వాడు రాలేదు. నాలుగు సబ్జెక్టులు పోయాయని తెలిసింది. ఇప్పుడు వాళ్ళ ఊరి దగ్గర మొబైల్ షాపులో చేస్తున్నాడు.

2021 నుంచి ఏఐసీటీఈ దేశభాషల్లో, తెలుగులో కూడా, ఇంజనీరింగ్ చెప్పడానికి అనుమతి ఇచ్చింది. అది ఎంతవరకు పోతుందో చూడాలి. ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి కదా అని మీరడుగుతారు. నిజమే, నా దగ్గర దానికి జవాబు లేదు. ఉర్దూలో ఇంజనీరింగ్ నడిపిన ఉస్మానియా కూడా 1948 తర్వాత ఇంగ్లిష్‌కు మారిపోయింది.

కానీ ఈ వ్యాసం తెలుగులో రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రతి వాక్యం దగ్గరా ఆగిపోయా. మాట నాలుక మీద ఉండి కూడా రాలేదు. వైవాలో వాడికి ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు కొంచెం తెలిసింది. మొన్న ఆదివారం గజ్వేల్ పోయినప్పుడు బస్సు దిగి ఆ షాపు దాకా వెళ్ళొచ్చా. మసూద్ గారి గురించి, మా ముత్తాత కాగితం గురించి చెప్పా. వైవా సంగతి కూడా చెప్పా. వాడు నవ్వి ఊకో అన్నాడు. ఇది అచ్చయ్యాక పంపమన్నాడు. తెలుగులోనే ఉంది కదా, మొత్తం చదువుతా అన్నాడు.